పలక మీది నీలం

సికింద్రాబాదు,
జూలై 1945

బావకు సారంగపాణి దండాలు.

నా చేతిరాత చూస్తే కవరు చింపకుండానే పొయ్యిలో వేస్తావేమోనని చిరునామా పక్కింటి కంపౌండరు చేత రాయించాను. ఆరేళ్ళయింది మనకు మాటలు లేక. మీ నాయిన, రాయమల్లు మామ పోయిన పదో రోజున మనిద్దరం అనుకున్నవన్నీ నేను మరిచిపోయాను. నువ్వూ మరిచి ఉంటావన్న ధైర్యంతో రాస్తున్నాను.

సంగతి ఇది. ఇక్కడి పాత నాటకశాలలో, రంగస్థలం చుట్టూ ఉన్న కమాను మీద మామ వేసిన ఆకాశం, చుక్కలు, నలుగురు గంధర్వులు నీకు గుర్తుండే ఉంటాయి. చుట్టల పొగకు, దీపాల మసికి అంతా నల్లబడింది. కొత్తగా కొన్న సేటు దాన్ని మళ్ళీ పాత వన్నెకు తేవాలంటున్నాడు. ముందు నమూనా చూపించమన్నాడు. రెండు మూరల పలక మీద ఒక గంధర్వుడు, వెనక కొంచెం ఆకాశం, అంతే. నా దుకాణం బోర్డు మీద 'నకాశీ పనులు, అలంకరణలు' అని పెద్ద అక్షరాలే ఉన్నాయి గానీ, ఆ నీలం మాత్రం నా చేతికి రావడం లేదు. మూడుసార్లు కలిపాను. మూడుసార్లూ చాకలి మూటలో నీలం లాగే వచ్చింది.

నువ్వు ఒక్క పలక వేసి పంపు. పని వస్తే ఇద్దరిదీ.

అక్కను అడిగానని చెప్పు.

సారంగపాణి


మట్టెవాడ, వరంగల్లు,
ఆగస్టు 1945

సారంగపాణీ,

నువ్వు చల్లగా ఉండాలని మీ అక్క అంటున్నది. ఆమె మాట కాదనలేక నేనూ అంటున్నాను.

కవరు మీద కంపౌండరు రాత చూసి, దవాఖానలో ఎవరికో ఏదో అయిందని మీ అక్క శ్యామలమ్మ గుండె పట్టుకుని గడప మీదే కూర్చుంది. ఇంకోసారి నీ చేత్తోనే రాయి. పొయ్యిలో వేసేదైతే చదివినాకే వేస్తాను. నేను అక్షరాలు నేర్చుకున్నదే కష్టపడి, దొరికిన కాగితాన్ని చదవకుండా వదలను. ఎందుకు నేర్చుకున్నానో నీకు చెప్పానో లేదో. మా నాయిన ఊరూరా కథ చెప్పేవాళ్ళకు పటం వేసి, ఏ బొమ్మ కింద ఎవరి పేరో కరణంతో రాయించేవాడు. ఆ కరణం ఒకసారి ఏ ధ్యాసలో ఉన్నాడో, భీముడి కింద ద్రౌపది అని రాశాడు. ఆ పటం మూడు ఊళ్ళు తిరిగి వచ్చిందాకా మాకు తెలియలేదు. అప్పటి నుంచి నేనే రాస్తున్నాను.

పలక పంపుతున్నాను. కాజీపేటలో బండెక్కే మనిషికి ఇచ్చాను. తడవకుండా రెండు గోనెలు చుట్టాను. నీలం వచ్చింది. ఇంట్లో కూర్చుని రాలేదు. హనుమకొండ మిషన్ గుడికి నాలుగుసార్లు నడిచిపోయి, బలిపీఠం పైన మా నాయిన వేసిన కమాను కింద నిలబడి, తడిగుడ్డతో ఒక చెయ్యంత మేర తుడిచి, దాన్ని చూస్తూ కలిపాను. ఈ గుడీ, నీ నాటకశాలా ఆయన ఒకే మూడేళ్ళలో వేసినవి. ఒకచోట దేవదూతలన్నారు, ఒకచోట గంధర్వులన్నారు. రెక్కలు అవే, ముక్కుపుడకలు కూడా అవే. అప్పటి పాదిరి ఆ పుడకలు తీసెయ్యమని అడిగితే, "రంగు ఎండింది దొరా, ఇంక పీకితే ముక్కు ఊడతది" అన్నాడట మా నాయిన. ఆ పాదిరి ఏమనుకున్నాడో గానీ, పుడకలు ఇప్పటికీ ఉన్నాయి.

కండ్లు పెట్టలేదు. నీకు తెలిసిందే అయినా సికింద్రాబాదు నీళ్ళు తాగినవాడివి కనుక రాస్తున్నాను. నమూనాకు మన ఇండ్లలో కండ్లు తెరవము. బొమ్మ దాని చోటికి చేరాలి, అన్ని రంగులూ పడాలి, ఆఖరున ఇంటికి పెద్దచెయ్యి కొబ్బరికాయ కొట్టి కండ్లు తెరవాలి. నమూనా అంటే ఎవరో చూసి మూలకు పడేసేది. కండ్లున్నదాన్ని మూలకు పడేయకూడదు. సేటుకు ఆ మాట చెప్పు.

ఇంకొకటి. గుడికి యాభై ఏండ్ల పండుగ వస్తున్నదని, ఆ కమాను బాగుచేయించాలని ఇప్పుడున్న పాదిరి కూడా నమూనాలు అడుగుతున్నాడు. సంక్రాంతి దాటినాక చూస్తాడట. నేనూ ఒకటి వేస్తున్నాను. నాకు అరవై ఒకటి. పటాలు చినిగిపోయాయి, బొమ్మలను చెదలు తిన్నాయి. మా నాయిన చేసినవాటిలో గోడ మీద నిలిచినవి ఈ రెండే. నాటకశాల నువ్వు చేసుకో. గుడి కమాను మాత్రం నేను కడగాలి, ఊడిన చోట నేను నింపాలి. ఆ ఒక్కటి అయితే నిచ్చెన మెట్లెక్కడం మానేస్తాను. ఇంతకుమించి నాకు వేరే కోరిక లేదు.

లింగమూర్తి


సికింద్రాబాదు,
అక్టోబరు 1945

బావకు దండాలు.

పలక చేరింది. విప్పి గోడకు ఆనించి చూశాను. మామ ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. పదహారేండ్లకే ఇల్లు వదిలి నాటకాల పరదాల పనిలో పడకుండా ఉంటే నేనూ ఇట్లా వేసేవాణ్ణేమో. నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వు.

సేటు ఇంకా తేల్చలేదు. ఒక రోజు ఆకాశం కావాలంటాడు, ఒక రోజు దాన్ని చెక్కలతో మూసి సినిమా తెర కట్టిద్దామంటాడు. నా ప్రయత్నం నేను చేస్తున్నాను.

నువ్వు రాసిన గుడి పని గురించి ఊరికే అడుగుతున్నాను. నమూనాలు ఊరివాళ్ళవే తీసుకుంటారా, బయటివాళ్ళవి కూడానా? ఎవరి పేర పంపాలి? నీకు పోటీ ఎంతమందో తెలుసుకుందామని, అంతే.

సారంగపాణి


మట్టెవాడ,
నవంబరు 1945

సారంగపాణీ,

ఎవరైనా పంపవచ్చట. గుడి పాదిరి, హనుమకొండ అని రాస్తే చాలు, చేరుతుంది. మద్రాసు నుంచి ఒకటి వచ్చిందని వాచ్‌మన్ గట్టయ్య చెప్పాడు. పోటీ గురించి ఫికర్ లేదు. ఆ నీలం మా ఇల్లు దాటి ఎక్కడికి పోతుంది?

మీ అక్క కారప్పొడి పంపమన్నది. పంపుతున్నాను.

లింగమూర్తి


మట్టెవాడ,
జనవరి 1946

సారంగపాణికి,

పోయిన మంగళవారం గుడిలో నమూనాలు విప్పారు. నువ్వు అక్కడ లేవు కనుక, ఏం జరిగిందో నీకు నేను చెప్పాలి. నవ్వకు, నాకు మరి ఎవరున్నారు చెప్పడానికి?

ఐదు పలకలు వచ్చాయి. మద్రాసుదానిలో దూత బిస్కట్ డబ్బా మీది దొరబిడ్డలా ఉంది. బెజవాడదానిలో రెక్కలు విసనకర్రల్లా ఉన్నాయి. మూడోది చూడకముందే పక్కకు పెట్టారు. నాలుగోది నాది. పాదిరి దాన్ని వెలుతురుకు పట్టి, కమాను దిక్కు చూసి, మళ్ళీ పలక చూసి తల ఊపాడు. ఆయన పుస్తకంలో నేర్చుకున్న తెలుగు మాట్లాడతాడు. "వర్ణము సరిగా ఉన్నది. అయితే లింగమూర్తీ, ఈ దూతకు నేత్రములు లేవేల?"

చెప్పాను. గోడెక్కినాక పెడతామని, నమూనాకు తెరవమని, కాయ కొట్టడం సంగతి ఒక్కటి మాత్రం గుడి కదా అని మింగాను. సంఘపెద్ద పోశయ్య, రైల్వేలో పనిచేసి దిగిపోయినవాడు, బెంచీ మీద నుంచి లేవకుండానే అన్నాడు: "కండ్లు వేసుడు చేతగాక కథలు చెప్తాండు ముసలాయన."

అప్పుడు ఐదో గోనె విప్పారు.

తన చేతి పనిని గుర్తుపట్టడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది, సారంగపాణీ? ఆ రెక్క ఈక ఈక నేను వేసింది. ఆ నీలం కోసం నాలుగుసార్లు నడిచింది నేను. కింద మూలకు 'సారంగపాణి, సికింద్రాబాదు' అని నీ పేరు. ముఖంలో కండ్లు. రెండూ ముక్కు దిక్కు గుంజుకుపోయి ఉన్నాయి. చిన్నప్పటి నుంచి నీ కన్ను అంతే, మా నాయిన కుంచె వెనకతో నీ వేళ్ళ మీద కొట్టేవాడు గుర్తుందా. అన్నీ మరిచిపోయావు, ఆ గుంజుడు మాత్రం మరవలేదు.

పాదిరి మురిసిపోయాడు. "ఈ దూత నన్ను చూచుచున్నది" అన్నాడు. పెద్దమనిషి కదా, నా మర్యాదకు నన్నే అడిగాడు, ఈ పనివాడి చెయ్యి ఎట్లాంటిదని. నేను చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "రెక్క వేసినోడు పని తెలిసినోడు దొరా. కన్ను వేసినోడికి జర తొందరెక్కువ."

అందరూ నవ్వారు. ఒకడి గురించే రెండు మాటలు చమత్కారంగా అన్నాననుకున్నారు. పని నీకే ఇచ్చారు.

ఎందుకు చెప్పలేదని మీ అక్క వారం రోజులుగా అడుగుతున్నది. నలుగురిలో నా భార్య తమ్ముణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాలేదు. ఇంటికి వచ్చినాక వచ్చింది. అప్పుడు వినడానికి ఆమె తప్ప ఎవరూ లేరు.

లింగమూర్తి


సికింద్రాబాదు,
ఫిబ్రవరి 1946

బావా,

నువ్వు తిట్టినవన్నీ తింటాను. ఒక్కమాట మాత్రం విను.

సేటు చివరికి చెక్కలే కొట్టించాడు. మామ గంధర్వులు ఇప్పుడు సినిమా తెర వెనక చీకట్లో ఉన్నారు. దుకాణానికి పరదాల పని రాక ఏడాది దాటింది. ఎవరికి కావాలి పరదాలు ఇప్పుడు? నీ పలక నా గోడకు ఆనించి ఉండేది. రోజూ చూసేవాణ్ణి. నువ్వు గుడికి కూడా కండ్లు లేని పలకే ఇస్తావని నాకు తెలుసు. ఆ పాదిరి దాన్ని ఒప్పుకోడనీ తెలుసు. నేను పంపకపోతే పని మద్రాసువానికి పోయేది. నీ పలక ఓడింది కండ్లు లేకనే, నా వల్ల కాదు.

పని మన ఇంటికే వచ్చింది. ఏప్రిల్‌లో మొదలుపెడతాను. నువ్వు రా. మెట్ల మీద నా కన్నా పైన నువ్వే నిలబడు. ఇంటికి పెద్దచెయ్యి నీది, కండ్లు నువ్వే తెరువు. పేరు కూడా నీదే రాయిస్తాను, పాదిరికి నేను చెప్పుకుంటాను.

నీకు రావడం ఇష్టం లేకుంటే ఒక్క సంగతి రాయి. పలక మీద వేసిన నీలం ఏది?

సారంగపాణి


మట్టెవాడ,
మార్చి 1946

సారంగపాణికి,

నేను రాను.

పలక మీద వేసింది డబ్బాలో వచ్చే సీమ నీలం. మీ సికింద్రాబాదులో ఏ రంగుల దుకాణంలోనైనా దొరుకుతుంది. అందులో తెల్లసుద్ద, చిటికెడు దీపం మసి. నువ్వు అడిగింది పలక సంగతి, చెప్పాను.

మీ అక్కకు బాగానే ఉంది.

లింగమూర్తి


మిషన్ గుడి, హనుమకొండ,
మే 1946

బావా,

నీ ఇంటికి ఇక్కడి నుంచి రెండు కోసులు. సైకిలు మీద అరగంట. అయినా స్టాంపు అంటించి రాస్తున్నాను. మొన్న వాకిట్లోకి వస్తే లోపల నీ దగ్గు వినబడింది, నువ్వు మాత్రం ఊరికి పోయావని చెప్పించావు.

పని అయింది. కడిగి నింపుదామనే మొదలుపెట్టాను. కడిగినకొద్దీ మచ్చలు మచ్చలుగా తేలింది. పాదిరికి నచ్చలేదు, అంతా ఒక్క తీరుగా ఉండాలన్నాడు. మొత్తం గోకి, కొత్తగా సున్నం పూసి, దాని మీద వేశాను. నీకు అబద్ధం ఎందుకు, మామ వేసినదాని మీద నా చెయ్యి ఆడలేదు. కూలీలకు చెప్పి బయట చింతచెట్టు కింద నిలబడ్డాను. గీరే చప్పుడు అక్కడికి కూడా వినబడింది.

నీలం అచ్చం పలక మీది లాగే వచ్చింది. కండ్ల కోసం నీకు రెండు రోజులు చూశాను. కాయ తెచ్చి పెట్టుకున్నాను. అక్క జొన్నరొట్టెలు తెచ్చింది, కిందే నిలబడి చాలాసేపు పైకి చూసి పోయింది. మూడో రోజు నేనే తెరిచాను.

ఒకసారి వచ్చి చూడు. తిట్టడానికైనా రా.

సారంగపాణి


సికింద్రాబాదు,
ఆగస్టు 1946

లింగమూర్తి గారికి,

మీరు విని ఉంటారు. వానలు మొదలైన పది రోజులకే అంచుల వెంట మొదలైందట. ఇప్పుడు ఆకాశమంతా తుప్పు పట్టిన రేకు రంగు. దూతలు బురదలో ఎగురుతున్నారని గుడిలో నవ్వుకుంటున్నారట. పాదిరి నన్ను పిలిపించి నిలబెట్టి అడిగాడు. తిరిగి వచ్చినాక ఇక్కడి ముసలి మేస్త్రీ ఒకడు రంగు డబ్బా చూసి, "దీన్ని పచ్చి సున్నం మీద ఎవడు వెయ్యమన్నడు నీకు?" అన్నాడు. ఆ నీలాన్ని సున్నం తినేస్తుందట. గోడ పని చేసిన ప్రతివాడికీ తెలుసట.

నేను గుడ్డ మీద బతికినవాణ్ణి. గోడ నాకు తెలియదని మీకు తెలుసు. మీరు యాభై ఏండ్లు గోడలు చూసినవారు. తెలిసే రాశారా, ఒక్కటి చెప్పండి. బావా, తెలిసే రాశావా?

సారంగపాణి


మట్టెవాడ,
అక్టోబరు 1946

సారంగపాణీ,

తెలిసే రాశాను.

మా నాయిన గోడ మీద ఎప్పుడూ సీమ నీలం వేయలేదు. సున్నం మీద చింతగింజల అంబలి, సుద్ద కలిపి మూడు పూతలు వేసి, ఒక్కో పూత పదిహేను రోజులు ఎండనిచ్చి, దాని మీద నీలిమందు వేసేవాడు. ఆయన వదిలిపోయిన నీలిమందు బెల్లం ముద్దంత నా పెట్టెలో ఉంది. నమూనాకు దాన్ని అరగదీయడం ఎందుకని డబ్బాదానితో నెట్టాను. పలక మీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. గోడ మీదనే తేడా. నువ్వు పలక గురించి అడిగావు, నేను పలక గురించి చెప్పాను. ఆ జవాబు రాసిన పూట నాకు అన్నం బాగా సయించింది, అది కూడా రాస్తున్నాను.

అయితే ఇది విను. నువ్వు గోకిస్తావని నేను అనుకోలేదు. మనవాళ్ళెవరూ పాతదాన్ని గోకరు. కడిగి, ఊడిన చోట నింపుతారు. నువ్వూ అట్లాగే చేస్తావనుకున్నాను. ఆర్నెల్లు పోతే నువ్వు నింపిన మాసికలన్నీ మాడిపోవాలి, వాటి మధ్య మా నాయిన నీలం నిలబడాలి, ఎవరి చెయ్యి ఏదో ఆ పోశయ్యకు కూడా కింద నుంచి కనబడాలి. నేను కోరింది అది. నీ మే నెల జాబు చదివి, అంగీ తొడుక్కుని వాకిలి దాకా పోయాను. గోకినదాన్ని తిరిగి అంటించలేను కదా అని వెనక్కి వచ్చి కూర్చున్నాను.

నీ ఆగస్టు జాబు మీ అక్కకు చదివి వినిపించాను. నా జవాబు ఏమిటో కూడా చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతున్నది. చేట ఆపకుండానే అన్నది: "మామ ఒక్కసారే చచ్చిండు అనుకున్న. ఇంట్ల ఇద్దరు మొగోళ్ళుండి మల్లొకసారి సంపిండ్లు." నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు మాట్లాడింది గానీ, ఉప్పు పప్పు సంగతులే.

పాదిరి నన్ను పిలిపించాడు. నీ మీద నేనేమీ చెప్పలేదు, నా మీద కూడా చెప్పలేదు. "లింగమూర్తీ, ఇప్పుడు నీవే చేయుము" అన్నాడు. అరవై రెండేండ్లకు నేను అడిగింది నా చేతిలో పెట్టాడు. నీలిమందు నూరాను. మెట్లెక్కాను. కమాను మూలన ఒక జానెడు మేర శుభ్రం చేసి, అంబలి, సుద్ద పూతలు వేసి, నెలన్నర ఎండనిచ్చి, మొన్న రంగు పెట్టాను. తడి ఆరిందాకా కింద బెంచీ మీద కూర్చున్నాను.

నీలమే వచ్చింది. మంచి నీలం. మా నాయినది కాదు.

పోయినసారి గోడను చూస్తూ కలిపాను. ఈసారి చూడడానికి గోడ మీద ఏమీ లేదు, నాటకశాలదేమో చెక్కల వెనక పడింది. నా కండ్లలో ఉందనుకున్నాను, అది నా కండ్లలో ఎప్పుడూ లేదు. నా పలకో, నీ దగ్గరున్న పలకో ముందు పెట్టుకుందామనుకున్నాను. అవీ డబ్బా నీలంతో సరిపెట్టిన నకళ్ళే. నకలుకు నకలు వేసి మా నాయిన పేరు చెప్పలేను.

వద్దన్నాను. సున్నం కొట్టిద్దామన్నాను. పాదిరికి అర్థం కాలేదు. "ఇది చాలా బాగున్నది. భేదము ఎవరికి తెలియును?" అని అడిగాడు.

"ఇద్దరికి తెలుస్తది దొరా" అన్నాను.

రెండోవాడెవడని ఆయన అడగలేదు. నేనే సున్నం కొట్టాను. నువ్వు తెరిచిన కండ్ల దగ్గర ఒక్కసారి చెయ్యి ఆగింది. తెరిచినవాటిని మూయకూడదని మన నియమం. దూత ముఖం మీద నుంచి కుంచె లాగేటప్పుడు తల పక్కకు తిప్పుకున్నాను. రెండు పూతలు వేశాను. ఏమీ కనబడదు.

ఇంతకు ముందు ఆదివారం పూట పిల్లలు తలలు పైకెత్తి చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్ళట. ఇప్పుడు అందరూ బుద్ధిగా ఎదురుగా చూస్తూ ప్రసంగం వింటున్నారని పాదిరి నాతో చెప్పి సంతోషించాడు.

లింగమూర్తి